శనివారం రేసు వినాలంటే ఈ స్కానర్ సరిపోతుందా? | నాస్కార్ స్కానర్, హెడ్‌సెట్ రివ్యూ

అందరికీ నమస్కారం. ముందుగా ఒక విషయం. ఈ స్కానర్, అంటే రేసులో డ్రైవర్ల రేడియో మాటలు పట్టే చేతి పరికరం, దాంతో వచ్చిన హెడ్‌సెట్, రెండూ అమ్మేవాళ్లు ఉచితంగా పంపినవే. ఇలా చెప్పండి, అలా చెప్పండి అని వాళ్లు అడగలేదు. వీడియో పెట్టేముందు నేను వాళ్లకు చూపించనూ లేదు. బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, ఎన్ని ఛానళ్లు పడతాయి, బరువెంత, ఇవన్నీ మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు కాబట్టి ఆ జోలికి వెళ్లను. నాకు కావలసింది వేరు. అమెరికా స్టాక్ కార్ రేసులు నడిపే నాస్కార్‌లో ఇప్పుడు దూసుకొస్తున్న ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు రేసు మధ్యలో ఏం మాట్లాడుతున్నారో దీంతో వినగలమా? నాకు ముఖ్యం అదొక్కటే.

నార్త్ కరోలినాలో షార్లెట్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లలో చాలామంది స్పీడ్‌వే అనే రేసు ట్రాక్ పక్కనుంచి రోజూ ఆఫీసుకు వెళ్తుంటారు కానీ లోపలికి వెళ్లినవాళ్లు తక్కువ. వాళ్ల కోసం రెండు ముక్కలు. నాస్కార్‌లో మూడు పెద్ద సిరీస్‌లు: ఎక్కువగా ఆదివారం నడిచే కప్ అన్నిటికన్నా పైది, దాని కింద శనివారం సిరీస్, ఆ కింద పికప్ ట్రక్కులది. స్టాక్ కార్ రేసుల్లో, అంటే చూడ్డానికి రోడ్డు కార్లలా ఉండే కార్ల రేసుల్లో, డ్రైవర్, పిట్‌లో ఉండి జట్టును నడిపే క్రూ చీఫ్, స్టాండ్స్ పైకప్పు మీద నిలబడే స్పాటర్, ఈ ముగ్గురూ మాట్లాడుకునే రేడియోను టికెట్ కొన్న ఎవరైనా వినొచ్చు. ఫార్ములా వన్‌లో ఇలా కుదరదు. అక్కడ స్టాండ్స్‌లో కూర్చుని మామూలు రేడియో పెట్టుకుంటే ఏమీ వినపడదు. ఇక్కడ మాత్రం తరతరాలుగా అభిమానులు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, నచ్చిన డ్రైవర్ నంబరు పెట్టుకుని, రేసంతా అతని మాటలు వింటూనే చూస్తారు.

ఆ మాటల్లో ఎక్కువ భాగం స్పాటర్‌వే. సీటులో బిగించి కట్టేసి ఉన్న డ్రైవర్‌కు పక్కన ఏముందో సరిగ్గా కనపడదు. మన ఆర్టీసీ బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టర్ కింద నిలబడి "రైట్, రైట్... హోల్డాన్" అంటాడు చూడండి, అచ్చం అదే పని. కాకపోతే ఇక్కడ చుట్టూ ముప్పై ఏడు బస్సులుంటాయి, అన్నీ మీదికే వస్తుంటాయి. "ఇన్‌సైడ్, ఇన్‌సైడ్, స్టిల్ దేర్, బంపర్, క్లియర్." ఆ 'క్లియర్' అర సెకను ముందు పడితే రెండు కార్లు గోడలో ఉంటాయి.

దీన్ని నేను అక్టోబర్ 2025లో వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ ట్రాక్‌కు తీసుకెళ్లాను. షార్లెట్ నుంచి రెండు గంటల పైచిలుకు దారి. 1947 నుంచి నడుస్తున్న ట్రాక్ అది. చుట్టుకొలత 0.526 మైళ్లే. శనివారం రేసులో ల్యాప్ ఇరవై సెకన్లలో అయిపోతుంది, అంటే డ్రైవర్‌కు ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. మధ్య వరసల్లో పోతున్న ఒక కుర్రాడి ఛానల్ మీద ఆగాను. పేరు చెప్పను, అవసరం లేదు. మొదట్లో గొంతు చాలా పైన ఉంది. కారు వెనక భాగం జారిపోతోంది, లూజ్, లూజ్ అని ప్రతి రెండు ల్యాప్‌లకూ ఫిర్యాదే. క్రూ చీఫ్ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఏ మూలలో జారుతోంది, బ్రేక్ మీద ఉన్నప్పుడా, గ్యాస్ ఇస్తున్నప్పుడా అని అడిగాడు. కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. రెండు ల్యాప్‌ల తర్వాత ఈసారి నెమ్మదిగా, మూల దాటి గ్యాస్ ఇచ్చేటప్పుడు మాత్రమే అన్నాడు. రేసు చివరికొచ్చేసరికి అడగకముందే తనే చెప్తున్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. టీవీలో ఆ కారును ఎవరూ చూపించరు, ఎందుకంటే అది పద్దెనిమిదో స్థానంలో ఉంది. ఒక డ్రైవర్ తయారవడం నేను చెవులతో విన్నాను.

ఆడియో విషయంలో ఈ స్కానర్ అద్భుతం. గొంతులో వణుకు కూడా తెలుస్తుంది. నా దగ్గర ఇంతకుముందున్న సెట్‌లో కార్లు ముందునుంచి వెళ్లిన ప్రతిసారీ మాట మునిగిపోయేది, సగం వాక్యాలు ఊహించుకోవాల్సి వచ్చేది. ఫోన్‌లో వినే ఆడియో ఇంకో రకం బాధ. మాట వచ్చేసరికి కారు తర్వాతి మూలకు చేరిపోయి ఉంటుంది. ఇందులో ఆ ఇబ్బందేమీ లేదు. 'హోల్డ్' బటన్ పెద్దగా, చేతికి అందేలా పెట్టారు. చూడకుండానే నొక్కొచ్చు. నొక్కితే తిరుగుతున్న ఛానళ్లు ఆగి ఒకే డ్రైవర్ మీద నిలబడుతుంది. నేను రోజంతా వాడింది దాదాపు ఆ ఒక్క బటనే.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన సంగతి. పెట్టె మీద 'రేస్ వీకెండ్‌కు సిద్ధం' అని రాశారు. తెరిచి చూస్తే అందులో ముందే ఎక్కించిన జాబితా కప్ సిరీస్‌ది మాత్రమే. ఆదివారం డ్రైవర్లందరూ ఉన్నారు. శనివారం సిరీస్ లేదు, ట్రక్కులు లేవు. ఆ ఫ్రీక్వెన్సీలు కావాలంటే జాబితా విడిగా సంపాదించి, ఈ చిన్న కీప్యాడ్ మీద ఒక్కొక్క అంకె కొట్టుకుంటూ కూర్చోవాలి. మధ్యలో ఒక తప్పు బటన్ నొక్కితే మెనూ మళ్లీ మొదటికి. ముప్పై ఎనిమిది కార్లకు ఆ పని చేయండి, తెలుస్తుంది. ఇదేదో చిన్న అసౌకర్యం అని కొట్టిపారేయలేను. నాస్కార్‌లో అసలు కథ ఇప్పుడు శుక్రవారం, శనివారమే నడుస్తోంది. దాన్నే వదిలేసి స్కానర్ అమ్మడమేంటి?

2025 సీజన్ తీసుకోండి. కానర్ జిలిష్, షార్లెట్ కుర్రాడు, 2006లో పుట్టాడు. శనివారం సిరీస్‌లో ఒకే సీజన్‌లో 10 రేసులు గెలిచాడు. ఆగస్టులో వాట్కిన్స్ గ్లెన్‌లో గెలిచి, కారు మీదికెక్కి సంబరం చేసుకోబోతూ కిందపడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. తర్వాత డేటోనాలో రేసు తను మొదలుపెట్టి, మధ్యలో కారు మరో డ్రైవర్ పార్కర్ క్లిగర్‌మన్‌కు అప్పగించాడు. క్లిగర్‌మన్ మొదటి స్థానంలో ముగించాడు. మొదలుపెట్టినవాడికే గెలుపు రాస్తారు కాబట్టి అది జిలిష్ ఖాతాలో పడింది. ఆ వెంటనే పోర్ట్‌లాండ్‌లో స్వయంగా నడిపి గెలిచాడు. ఇంత చేసినవాడు చివరికి నవంబర్‌లో ఫీనిక్స్‌లో టైటిల్ పోగొట్టుకున్నాడు. చివరికి మిగిలిన నలుగురిలో ఆ ఒక్క రేసులో ముందున్నవాడికే కిరీటం అన్న పద్ధతిలో, అప్పటిదాకా సీజన్‌లో ఒకే ఒక్క గెలుపున్న జెస్సీ లవ్ ఆ రేసు గెలిచి ఛాంపియన్ అయ్యాడు. లవ్‌కు కూడా ఇరవయ్యే. ఆ అబ్బాయి మీద నాకే కోపమూ లేదు, అవసరమైన రోజున అందరికన్నా బాగా నడిపాడు. కానీ ఏడాదంతా పడిన కష్టాన్ని ఒక్క మధ్యాహ్నానికి కట్టేసిన ఆ పద్ధతి 2025తో పోయిందంటే నిజంగా సంతోషించాను.

అదే ఏడాది మార్చిలో, ఇదే మార్టిన్స్‌విల్‌లో, టేలర్ గ్రే చివరి ల్యాప్‌లో ముందున్నాడు. అతనికి ఇరవై నిండి వారం కూడా కాలేదు. చివరి మలుపులో తన ఈడువాడే అయిన శామీ స్మిత్ వెనకనుంచి గుద్ది తిప్పేశాడు. ఆ గందరగోళంలో గెలుపు ఆస్టిన్ హిల్‌కు పోయింది. స్మిత్‌కు 25,000 డాలర్ల జరిమానా, 50 పాయింట్ల కోత పడ్డాయి. గ్రే అక్టోబర్‌లో అదే ట్రాక్‌కు తిరిగొచ్చి తన మొదటి గెలుపు అందుకున్నాడు. నేను స్కానర్ తీసుకెళ్లిన రోజు అదే. అతని 54వ నంబరు ఛానల్‌ను నేను కష్టపడి చేత్తో ఎక్కించాను కాబట్టి చివరి ల్యాప్‌లు వినగలిగాను. ఎక్కించకపోయి ఉంటే పెట్టెలో వచ్చిన జాబితాతో నాకు ఆ రోజు దక్కేది నిశ్శబ్దం.

ట్రక్కుల్లో కోరీ హైమ్ సంగతి ఇంకా పెద్దది. 25 రేసుల్లో 12 గెలిచాడు. 1999లో గ్రెగ్ బిఫిల్ పెట్టిన 9 గెలుపుల రికార్డు పోయింది. ఫీనిక్స్‌లో రేసు ఓవర్‌టైమ్‌కు, అంటే అదనపు ల్యాప్‌లకు, వెళ్లినా వదలకుండా టైటిల్ పట్టాడు. అయినా 2026కు కప్ సిరీస్‌లో అతనికి పూర్తి సీజన్ సీటు లేదు. ప్రతి రేసులో చోటు ఖాయంగా ఉండే ఛార్టర్లు 36 మాత్రమే. ఉన్నవాళ్లు దిగితే తప్ప కిందివాళ్లకు దారి లేదు, స్పాన్సర్ లేకపోతే ఆ దారి కూడా మూతే. ప్రతిభ ఇంత పోగుపడి సీట్లు ఇంత తక్కువ ఉన్న కాలాన్ని నేను చూడలేదు. ఈ కుర్రాళ్లను ఇప్పుడే, శనివారాల్లోనే వినాలని నేను పట్టుబట్టేది అందుకే.

మరి ఇంత చిన్న వయసులో ఇంత వేగం ఎక్కడనుంచి వచ్చింది? చాలావరకు కంప్యూటర్ నుంచి. విలియం బైరన్ చిన్నప్పుడు ఇంట్లో ఐరేసింగ్ అనే కంప్యూటర్ రేసింగ్ గేమ్ ఆడుతూ నేర్చుకున్నాడు, ఆ తర్వాతే అసలు కారెక్కాడు. ఇప్పుడు 2024, 2025 రెండేళ్లూ వరసగా నాస్కార్‌లో అన్నిటికన్నా పేరున్న రేసు డేటోనా 500 గెలిచినవాడు ఆయనే. రాజా కరూత్ కూడా సిమ్యులేటర్ దారిలోనే వచ్చి, 2024లో లాస్ వేగస్ ట్రక్ రేసు గెలిచాడు. ఇప్పుడు ట్రాక్ మీద విడిగా టెస్టింగ్ దాదాపు లేదు, ప్రాక్టీస్ చాలాచోట్ల కొద్దిసేపే ఇస్తారు. మిగతాదంతా కంపెనీల సిమ్యులేటర్ గదుల్లోనే. అందుకే వీళ్ల చేతుల్లో వేగానికి కొదవ లేదు. టైర్లు అరిగిపోయాక ఎంత ఓపిక పట్టాలి, పక్కవాడికి ఎప్పుడు దారివ్వాలి, ఇవి మాత్రం రేసులోనే వస్తాయి. రేడియోలో వినపడేది ఆ పాఠమే. వయసు ఒక్కటే అన్నీ తేల్చదని కూడా ఒప్పుకోవాలి. 2025లో కప్ సిరీస్ ఉత్తమ రూకీ, అంటే కొత్త డ్రైవర్లలో ఉత్తముడు, న్యూజిలాండ్ నుంచి వచ్చిన షేన్ వాన్ గిస్‌బెర్గెన్, 36 ఏళ్లవాడు, ఆ ఏడాది ఐదు రేసులు గెలిచాడు.

మనవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కామెంట్లలో తరచూ అడుగుతుంటారు. కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ 2010లో ట్రక్ సిరీస్‌లో నడిపాడు, అభిమానుల ఓట్లతో ఆ ఏడాది మోస్ట్ పాపులర్ డ్రైవర్ అవార్డు కూడా తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఎవరైనా వస్తారని నేను ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను. షార్లెట్ స్పీడ్‌వేలో వేసవి సాయంత్రాలు సమ్మర్ షూటౌట్ జరుగుతుంది. చిన్న ట్రాక్ మీద ఎనిమిదేళ్ల పిల్లలు కూడా బ్యాండొలేరో కార్లు నడుపుతారు. పిల్లలున్నవాళ్లు ఒకసారి తీసుకెళ్లండి.

తీసుకెళ్తే చెవులు జాగ్రత్త. రేసు రోజున ట్రాక్ దగ్గర శబ్దం వంద డెసిబెల్స్ సునాయాసంగా దాటుతుంది. ఈ హెడ్‌సెట్ పెద్దవాళ్లకు బాగానే పడుతుంది, శబ్దాన్ని గట్టిగా ఆపుతుంది. ఎండలో మాత్రం చెవుల దగ్గర చెమట పట్టి చిరాకు పెడుతుంది. బ్యాండ్ ఎంత బిగించినా చిన్నపిల్లల తలకు వదులే. వాళ్లకు వేరే ఇయర్ మఫ్స్ కొనాల్సిందే.

కొనాలా వద్దా? ఆదివారం కప్ రేసు మాత్రమే చూసేవాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. శనివారం, ట్రక్ రేసులకు వెళ్లేవాళ్లు ఈ పెట్టె ఇప్పుడున్న రూపంలో కొనకండి. ట్రాక్ గేటు దగ్గర అద్దెకు ఇచ్చేవాళ్లుంటారు. డబ్బు కట్టేముందు ఆ రోజు రేసు జాబితా ఎక్కించారా అని అడిగి, మీ ఎదురుగా ఒక నంబరు పెట్టించుకుని చూడండి. కంపెనీ మూడు సిరీస్‌ల జాబితాలూ ఎక్కించి పంపిన రోజున నేను ఈ మాట వెనక్కి తీసుకుంటాను, అప్పుడిది నా మొదటి సిఫారసు అవుతుంది.

ఒకటి చేతికొచ్చాక ముందుగా 54 మీద హోల్డ్ నొక్కండి, ఆ తర్వాత లవ్ నడిపే 2. ఆదివారమైతే 88. జిలిష్ ఇప్పుడు ట్రాక్‌హౌస్ జట్టులో కప్‌కు వచ్చేశాడు కదా, పెట్టెలో వచ్చిన జాబితాలోనే దొరుకుతాడు. రేసు ఆగి మళ్లీ మొదలయ్యే రీస్టార్ట్‌కు ఒక ల్యాప్ ముందే ఛానల్ మార్చేసి పెట్టుకోండి. పచ్చజెండా పడ్డాక మీ చూపు స్కానర్ మీద ఉండకూడదు.