ఎండాకాలం కరెంటు బిల్లు: రూపాయలు కాదు, ముందు యూనిట్లు చూడండి

శ్రోతలకు నమస్కారం.

మే నెల మొదట్లో రీడింగ్ తీసి బిల్లు చేతికిచ్చి వెళ్లాక మన అనంతపురం వీధుల్లో ఏ అరుగు మీద చూసినా ఒకటే మాట. "మా ఇంట్లో ఏసీ కూడా లేదు. పోయిన నెలకు మూడింతలు ఎట్లా వచ్చింది?" ఆ మాట వెనకాలే ఇంకొకటి వస్తుంది: "మీటరు గిరగిరా తిరుగుతోంది, అది చెడిపోయింది." మీటరు చెడిపోవడం అసలు జరగదని నేను అనను. కానీ ఆ మాట అనేముందు ఇంట్లోనే చేసుకోగల లెక్క ఒకటుంది. ఒక కాగితం, ఒక పెన్ను, పోయిన నెల బిల్లు, ఈ నెల బిల్లు ఉంటే చాలు. ఈ రోజు ఆ లెక్క గురించి మాట్లాడుకుందాం.

బిల్లు రాగానే మన కన్ను కిందున్న మొత్తం మీదికి పోతుంది. ఆ అంకె ఒక్కటే చూస్తే టెన్షన్ తప్ప ఏమీ తేలదు. ముందు యూనిట్లు చూడండి. ఈ నెల రీడింగ్‌లోంచి పోయిన నెల రీడింగ్ తీసేస్తే వచ్చేవి యూనిట్లు. బిల్లు మీద వేసిన రీడింగ్, మీటరులో కనిపించే అంకె పొంతన కుదురుతున్నాయా లేదా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. తరవాత రెండు రీడింగుల తేదీలు చూడండి. పోయిన నెల ఇరవై తొమ్మిది రోజులకు తీసి, ఈ నెల ముప్పై మూడు రోజులకు తీసి ఉంటే ఆ నాలుగు రోజుల వాడకం కూడా ఇందులోనే ఉంటుంది. అందుకే యూనిట్లను రోజులతో భాగించండి. రోజుకు ఎన్ని యూనిట్లు అన్నది తెలిస్తే రెండు నెలలను న్యాయంగా పోల్చినట్టవుతుంది. ఇల్లు తాళం వేసి ఊరికి పోయినప్పుడు రీడింగ్ తీయడం కుదరక సగటు మీద బిల్లు వేసి ఉంటే, మిగిలిన యూనిట్లు తరవాతి నెలలో కలిసి వస్తాయి. పాత బాకీ, ఆలస్య రుసుము, అదనపు డిపాజిట్, ఇంధన ఖర్చు సర్దుబాటు లాంటివి విడి వరుసల్లో ఉంటాయి. వాటికీ, ఈ నెల మీరు వేసుకున్న ఫ్యానుకూ సంబంధం లేదు. వాటిని పక్కన పెట్టి చూడండి.

ఇక యూనిట్లు రెండింతలైతే బిల్లు మూడింతలు ఎందుకవుతుంది? ఇది చాలామందికి అన్యాయంగా తోస్తుంది. కారణం శ్లాబులు, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతూ పోయే మెట్లు. మన రాష్ట్రంలో ఈ ధరలను నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి కార్యాలయం ఇప్పుడు మన కర్నూలులోనే ఉంది. 2022 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 76 నుంచి 125 దాకా నాలుగున్నర. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. 400 దాటితే 9 రూపాయల 75 పైసలు.

ఇప్పుడు లెక్క వేద్దాం. నెలకు 175 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ల ఛార్జీ 717 రూపాయలు. అదే ఇల్లు 350 యూనిట్లు వాడితే 2,110 రూపాయలు. యూనిట్లు సరిగ్గా రెండింతలు, ఛార్జీ దాదాపు మూడింతలు. మీటరు తప్పు కాదు, ఎవరో మోసం చేసిందీ కాదు. మొదటి 175 యూనిట్లు చవక మెట్ల మీద గడిచాయి, రెండో 175లో ఎక్కువ భాగం ఖరీదైన మెట్టు మీద పడింది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పి తీరాలి. "225 దాటితే అన్ని యూనిట్లకూ పెద్ద రేటే వేస్తారు" అని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. 2022కు ముందు వినియోగాన్ని బట్టి ఇళ్లను ఏ, బీ, సీ గ్రూపులుగా విడగొట్టేవారు. ఆ రోజుల భయం అట్లాగే మిగిలిపోయింది. ఆ గ్రూపులు తీసేశారు. ఇప్పుడు దాటిన యూనిట్లకే పెద్ద రేటు, మొదటి 30 యూనిట్లకు ఎవరికైనా రూపాయి 90 పైసలే. అయితే దీన్ని రెండో వైపు నుంచి కూడా చూడాలి. 350 యూనిట్లు వాడే ఇల్లు 60 యూనిట్లు తగ్గించుకుంటే, తగ్గేది పై మెట్టు నుంచే. అంటే 525 రూపాయలు మిగులుతాయి. అందుకే ఎండాకాలంలో చిన్న మరమ్మతుకు కూడా మంచి ఫలం ఉంటుంది.

సరే, ఆ రెండో 175 యూనిట్లు ఏసీ లేని ఇంట్లో ఎక్కడి నుంచి వచ్చాయి? రోజుకు చూస్తే అది సుమారు 5.8 యూనిట్లు. యూనిట్ అంటే వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడవడం. కాబట్టి ప్రతి వస్తువుకూ రెండు అంకెలు కావాలి: ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు. మనం వాట్ల గురించే ఆలోచిస్తాం, గంటలను మరచిపోతాం. ఎండాకాలంలో మారేది ఎక్కువగా గంటలే.

రెండు వందల వాట్ల కూలరు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే 2.4 యూనిట్లు. సెలవులు ఇచ్చాక పిల్లలు పగలంతా ఇంట్లోనే ఉంటారు, చుట్టాలు వస్తారు. ఇంకో రెండు ఫ్యాన్లు రోజుకు ఆరు గంటలు అదనంగా తిరిగితే దాదాపు 0.9. వేడికి ఫ్రిజ్ కంప్రెసర్ ఎక్కువసేపు పని చేసి ఇంకో అర యూనిట్ తింటుంది. ఇవన్నీ కలిపితే 3.8. మిగిలిన రెండు యూనిట్లు ఎక్కడ?

మన సీమలో చాలా ఇళ్లలో దానికి జవాబు బోరు మోటారు. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అది కంటికి కనిపించదు, ఎప్పుడో పొద్దున వేసి ఆపేస్తాం. ఒకటిన్నర హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ లాగుతుంది. చలికాలంలో నలభై నిమిషాల్లో ట్యాంకు నిండితే ఒక యూనిట్‌తో పోయింది. ఏప్రిల్, మే వచ్చేసరికి భూగర్భజలం దిగిపోతుంది. నీళ్లు సన్నగిల్లుతాయి, ఆగి ఆగి వస్తాయి. అదే ట్యాంకు నిండడానికి రెండు గంటలు పడుతుంది. మోటారు అదే, ట్యాంకు అదే, నీళ్లూ అన్నే. కరెంటు మాత్రం మూడు యూనిట్లు. ఆ పెరిగిన రెండు యూనిట్లు నెలకు అరవై యూనిట్లు. పై మెట్టు రేటున 525 రూపాయలు.

దీనికి ఇంకో తోడు ఉంటుంది, అది కారే నీళ్లు. బాత్‌రూములో ఫ్లష్ ట్యాంకు లోపల రబ్బరు పాడైతే చప్పుడు లేకుండా రాత్రంతా నీళ్లు పోతూనే ఉంటాయి. మేడ మీద ట్యాంకు నిండి పొర్లిపోతున్నా కింద ఇంట్లో తెలియదు. ట్యాంకు పొద్దున నింపి, సాయంత్రానికే ఖాళీ అవుతుంటే ముందు అవి చూసుకోండి. ఫ్లష్ ట్యాంకులో కొంచెం పసుపు నీళ్లు కలిపి కాసేపు వాడకుండా వదిలేస్తే, కమోడ్‌లోకి రంగు దిగిందా లేదా తెలిసిపోతుంది. ఒక వారం పాటు మోటారు వేసిన టైము, ఆపిన టైము గోడ మీది క్యాలెండరులో రాయండి. బోరులో నీళ్లు బాగా తగ్గి మోటారు ఉత్తగా తిరుగుతుంటే కరెంటుతోపాటు మోటారు కూడా కాలిపోతుంది. అప్పుడు కొంతసేపు వేసి, ఆపి, నీళ్లు ఊరాక మళ్లీ వేయడం మేలు.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు ఒక మాట. ఆ మోటారు ఎవరి మీటరు మీద ఉందో తెలుసుకోండి. నాలుగు భాగాలకు నీళ్లిచ్చే మోటారు ఒక్కరి మీటరుకే కలిపి ఉన్న ఇళ్లు ఉన్నాయి. మెట్ల లైటూ అంతే. ఇంటి యజమానిని మర్యాదగానే అడగండి, కానీ తప్పక అడగండి. అది మీ హక్కు.

ఏసీ ఉన్న ఇళ్లకు లెక్క ఇంకా సులువు. ఒకటిన్నర టన్నుల ఏసీ కంప్రెసర్ పూర్తిగా పని చేసే గంటలో సుమారు ఒకటిన్నర యూనిట్ లాగుతుంది. గది చల్లబడ్డాక తగ్గుతుంది. గది చల్లబడకపోతే తగ్గదు. అసలు ప్రశ్న అక్కడుంది. మన దగ్గర పాత మట్టి మిద్దెల్లో పుట్టి పెరిగినవాళ్లకు తెలుసు, పైన చవుడు పోసిన ఆ మిద్దె కింద మధ్యాహ్నం కూడా ఎంత చల్లగా ఉండేదో. ఇప్పుడు మనవి కాంక్రీటు కప్పులు. 42, 43 డిగ్రీల ఎండలో పగలంతా కాగిన ఆ కప్పు అర్ధరాత్రి దాకా వేడిని కిందికి దించుతూనే ఉంటుంది. పై అంతస్తులో ఏసీ మనిషిని చల్లబరచడం లేదు, కప్పుతో పోరాడుతోంది. మేడ మీద తెల్లని సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటో వేయించడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలమిచ్చే పని. కొందరు సాయంత్రం మేడ మీద నీళ్లు చల్లుతారు. నీటి కటకట ఉన్న మన ఊళ్లలో దాన్ని నేను సమర్థించను. ఆ నీళ్లు పైకెక్కించడానికీ కరెంటే కావాలి.

ఏసీని 18లో పెడితే గది త్వరగా చల్లబడదు. ఎక్కువసేపు కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, అంతే. స్టార్ గుర్తున్న ఏసీలు 2020 జనవరి నుంచి 24 డిగ్రీలతోనే మొదలయ్యేలా తయారు చేయాలని నిబంధన వచ్చింది. ఒక డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 26లో పెట్టి మీద ఫ్యాను వేసుకుంటే హాయిగా నిద్ర పడుతుంది. దుమ్ము గాలులు వీచే రోజుల్లో రెండు వారాలకోసారైనా ఫిల్టరు కడగండి.

కూలరు మన గాలికి బాగా సరిపోయే యంత్రం. పొడి గాలిలో నీళ్లు బాగా ఆవిరవుతాయి, అందుకే కోస్తా కన్నా ఇక్కడ అది బాగా పని చేస్తుంది. అయితే కిటికీ తెరిచి ఉండాలి. తలుపులన్నీ మూసి కూలరు వేస్తే గదిలో తేమ పేరుకుని ఉక్కపోస్తుంది, అప్పుడు ఇంకో ఫ్యాను కూడా వేస్తాం. ఏసీ నడిచే గదిలో కూలరు పెట్టడం అయితే మరీ తప్పు. కూలరు కలిపిన తేమను ఏసీ మళ్లీ పీల్చి బయటికి పంపాలి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, గడ్డి ప్యాడ్ల మీద తెల్లగా గట్టి పొర కడుతుంది. గాలి ఆడదు, చల్లదనం రాదు, గంటలు మాత్రం పెరుగుతాయి. సీజనుకు ఒకసారి ప్యాడ్లు మార్చండి.

గీజరు స్విచ్ ఎండాకాలంలో కూడా అలవాటుగా వేసి ఉంచే ఇళ్లు ఉన్నాయి. ట్యాంకు నీళ్లే కాగిపోయే రోజుల్లో దాని అవసరమే లేదు. పాత ఇన్వర్టరు బ్యాటరీ కూడా ఒకసారి చూపించండి. బాగా పాతబడ్డ బ్యాటరీ రోజంతా ఛార్జింగ్ లాగుతూనే ఉంటుంది.

ఇంత చూసినా లెక్క తేలకపోతే మీటరునే అడగవచ్చు. డిజిటల్ మీటరు మీద ఒక ఎర్ర లైటు మినుకుతూ ఉంటుంది. ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మినుకుతుందో మీటరు మీదే రాసి ఉంటుంది, కొన్నిటి మీద 3200, కొన్నిటి మీద 1600. 3200 అని ఉంటే, నిమిషానికి సుమారు 53 సార్లు మినుకుతున్నప్పుడు మీ ఇల్లు గంటకు ఒక యూనిట్ చొప్పున వాడుతోందని అర్థం. ఇంట్లో అన్నీ ఆపేయండి, ఫ్రిజ్ ప్లగ్గు తీయండి, ఇన్వర్టరు కూడా ఆపండి. అప్పటికీ లైటు మినుకుతుంటే ఎక్కడో కరెంటు కారుతోంది, లేదా మీ లైను మీద ఇంకెవరిదో కలిసి ఉంది. ఆ తరవాత పని మీరు చేయకండి. బోర్డు విప్పవద్దు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి వైరింగ్, ఎర్తింగ్ చూపించండి. కారే కరెంటు బిల్లు విషయం మాత్రమే కాదు, తడి చేత్తో తాకితే ప్రాణం మీదికి వస్తుంది.

ఒక విషయం నన్ను బాధపెడుతుంది. బిల్లు పెరిగిందని తెలియగానే చాలా ఇళ్లలో మొదట ఆగేది ముసలివాళ్ల గదిలో ఫ్యాను. "ఎందుకులే, నాకు అలవాటే" అని అవ్వలూ తాతలూ వాళ్లే ఆపేసుకుంటారు. మామూలు ఫ్యాను డెబ్బై అయిదు వాట్లు. రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే 0.6 యూనిట్. 8 రూపాయల 75 పైసల రేటున లెక్కగట్టినా అయిదుంబావు రూపాయలు. వడదెబ్బకు ముందు కుంగేది వాళ్ల ఒళ్లే. మోటారు లెక్క చూడకుండా ఆ ఫ్యాను ఆపనివ్వకండి. డబ్బు వెసులుబాటు ఉంటే ఎక్కువ గంటలు తిరిగే ఫ్యాను ఒక్కటైనా బీఎల్‌డీసీ రకానికి మార్చండి, అది సుమారు ముప్పై వాట్లతోనే తిరుగుతుంది.

అన్నీ చూశాక కూడా మీటరు మీదే అనుమానం ఉంటే, రుసుము కట్టి మీటరు పరీక్ష చేయమని దరఖాస్తు ఇవ్వవచ్చు. ఫిర్యాదుకు 1912కు ఫోన్ చేసి, వాళ్లిచ్చే నంబరు రాసి పెట్టుకోండి. అక్కడ తేలకపోతే 2003 విద్యుత్ చట్టం ప్రకారం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వెళ్లేటప్పుడు "బిల్లు ఎక్కువొచ్చింది" అని మాత్రమే చెప్పకండి. రోజూ ఒకే వేళకు తీసిన మీటరు రీడింగులు ఒక పది రోజులవి, మోటారు వేసిన టైములు, రెండు నెలల బిల్లులు, అన్నీ ఆపినప్పుడు లైటు మినుకుతున్న వీడియో వెంట తీసుకెళ్లండి. ఆ కాగితాలు చేతిలో ఉంటే మీ మాటను తీసిపారేయడం ఎవరికైనా కష్టం.

సెలవు. నమస్కారం.