"పనిచేయడం లేదు" అని రాయకండి

అధ్యక్షులకు, ప్రిన్సిపాల్‌గారికి, శాలువా తెచ్చినవారికి నమస్కారం. శాలువా ఇప్పుడే కప్పకండి, ఉక్కగా ఉంది.

సెప్టెంబరు మూడో శనివారం సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినోత్సవం. దాని చరిత్ర చెప్పమన్నారు. చెబుతాను. ముందు నా పరువు పోయిన కథ వినండి.

ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో, అంటే ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగినదాంట్లో, ప్రశ్నపత్రం తయారుచేసి పీడీఎఫ్‌గా మార్చాను. "స్త్రీ" అన్న చోటల్లా తవొత్తు మాయం. మండిపోయి ఫిర్యాదు పెట్టాను: "తెలుగు సరిగా రావడం లేదు, పనిచేయడం లేదు." వివరాలు అడిగారు. నేను పలకలేదు. కొన్నాళ్లకు మూసేశారు. తెలుగంటే వీళ్లకు లెక్కలేదని రెండేళ్లు ఊరంతా చెప్పుకుని తిరిగాను. ఈ వేదిక మీదా చెప్పాను, మీలో కొందరు చప్పట్లు కొట్టారు.

మా ఎదురింటి అమ్మాయి, డిగ్రీ మొదటి సంవత్సరం, ఆ ఫిర్యాదు చదివి, "సార్, మీరు రాసింది నాకే అర్థం కాలేదు, వాళ్లకేం అర్థమవుతుంది?" అంది. కూర్చుని ఒక్కొక్కటే మార్చి చూసింది. మామూలు అక్షరాల్లో ఒత్తు ఉంది. బొద్దుగా చేస్తే పోయింది. ఫాంటు మార్చితే వచ్చింది. పాత ఫాంటు పెడితే మళ్లీ పోయింది. ఇంకో కంప్యూటర్‌లో పాత వెర్షన్ వేసి చూస్తే అందులో అంతా సరిగానే ఉంది! వెర్షన్లు, ఫాంటు పేరు, చేసిన నాలుగు పనులు, రావలసింది, వచ్చింది, ఒకే ఒక్క మాట ఉన్న ఫైలు. ఇవి పంపింది. మూడు వారాల్లో సరిచేశారు. ఆ అమ్మాయికి కోడు రాయడం రాదు.

ఈ కడపలోనే బ్రౌన్ దొర తన బంగళాలో పండితులకు సొంత డబ్బు జీతంగా ఇచ్చి తాటాకు ప్రతులు పక్కపక్కన పెట్టించాడు. ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో చూసి, తప్పు ఎక్కడ దూరిందో పట్టుకునేవారు. ఆ అమ్మాయి పాత వెర్షన్ తెరిచి చూసినది అచ్చం ఇదే. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయంటే ఊరికే కాలేదు.

ఇంకోటి, ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో చూడండి. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా", మధ్యలో కంటికి కనబడని గుర్తొకటి చేరి, ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. జ్ఞానంతోనే వచ్చింది తంటా!

ఉత్తరాలు, ప్రశ్నపత్రాలు రాసుకునే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ ఏటా రెండు పెద్ద విడుదలలు తెస్తుంది. ముందుగా బీటా, అంటే పరీక్షించి చూడమని ఇచ్చే ప్రతి, వస్తుంది. మీ పాత ప్రతిని కదపకుండా పక్కనే వేసుకోవచ్చు. అక్కడ ఎవరైనా దోషం చెబితే, ఇంకొకరు చేసి చూసి అవునన్నదాకా అది నిర్ధారణ కానట్టే. ఆ ఇంకొకరు మీరే కావాలి. కొత్త తప్పులు వెతకనక్కర్లేదు, ఉన్నవాటిని నిర్ధారించండి చాలు. వేలెత్తి చూపడం మనకు కొత్తా?

చరిత్ర సంగతా... గంట చూపిస్తున్నారు. సరే. రేపు ఆదివారం పది గంటలకు ఇదే హాల్లో కూర్చుందాం. ల్యాప్‌టాప్ లేకపోయినా రండి, ఒకరు చేస్తుంటే ఒకరు రాయాలి. ఆ అమ్మాయి ఊళ్లో లేదు, నా పక్కన కూర్చుని నన్ను "పనిచేయడం లేదు" అని రాయనివ్వకుండా చూసేవారు ఒకరు కావాలి. చేయి ఎత్తండి. వెనక వరుసలో నీలం చొక్కా, నువ్వేనా బాబూ?