కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఎదనొప్పి వస్తే

అందరికీ నమస్కారం. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడమని పిలిచారు గానీ, ఈ పూట నేను కాస్త పైకి, ఎద దగ్గరికి వస్తాను.

ఏళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న ఒక పెద్దావిడ ఈమధ్య వచ్చింది. "ఎదలో నొప్పి పెడతాంది సార్, గ్యాసేమో అనుకుంటి" అంది. ఎక్కడమ్మా అంటే ఒక్క వేలితో చూపించింది, ఎడమ పక్క, రొమ్ము ఎముకను ఆనుకుని. అక్కడే బొటనవేలితో నొక్కాను. "అబ్బా, అదే సార్!" అని నా చెయ్యి తోసేసింది.

పక్కటెముకలు నేరుగా రొమ్ము ఎముకకు అతుక్కోవు. మధ్యలో మృదులాస్థి ఉంటుంది, ముక్కు కొసన చేతికి మెత్తగా తగులుతుందే, అలాంటిది. కీళ్లవాతం వేళ్లను పట్టినట్టే ఆ అతుకులనూ పట్టొచ్చు. అప్పుడు దగ్గినా, పక్కకు తిరిగినా, బిందె ఎత్తినా పోటే.

ఇక్కడితో ఆపేస్తే మీరంతా సంతోషంగా ఇంటికెళ్తారు. నేను మాత్రం ఆవిడకు ఈసీజీ తీయించాను. నొక్కితే నొప్పి వచ్చింది కాబట్టి గుండెది కాదని తేల్చెయ్యడానికి లేదు. రుమటాయిడ్ ఉన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు 1.5 రెట్లు. కీళ్లను వాపెక్కించే జబ్బే రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. గుండె చుట్టూ ఉన్న పొర కూడా వాచొచ్చు. అలాంటప్పుడు వెల్లకిలా పడుకుంటే నొప్పి ఎక్కువ, ముందుకు వంగి కూర్చుంటే కొంచెం నయం.

ఇంకో చిక్కుంది. గుండెలో లోపముంటే అలిపిరి మెట్లెక్కేటప్పుడు, గాలిగోపురం చేరేలోపే చాలామందికి తెలిసిపోతుంది. మోకాళ్లు పోయినవాళ్లు బస్సులో కొండెక్కుతారు. "నాకెప్పుడూ ఆయాసం రాలేదు సార్" అంటారు. నడిస్తే కదా!

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ ఉందే, అది కడుపులో మంట పుట్టిస్తుంది, బీపీ పెంచుతుంది, గుండెపోటు ముప్పునూ పెంచుతుంది. ఆ మంట తగ్గడానికి మళ్లీ అదే మాత్ర మింగినవాళ్లను చూశాను.

ఎద మీద బండ పెట్టినట్టు బరువు, చెమటలు, దవడకో చేతికో లాగడం, ఆయాసం, వాంతి వచ్చేలా ఉండటం, వీటిలో ఏది కనిపించినా బామ్ రాసుకుని తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయండి. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు మన తిరుపతిలోనే ఉన్నాయి. ఆడవాళ్లైతే పిల్లల్ని నిద్ర లేపడమెందుకని ఊరుకుంటారు. లేపండమ్మా.

ఆవిడకు ఈసీజీ, రక్తపరీక్ష రెండూ బాగానే ఉన్నాయి. మృదులాస్థి వాపే. అయితే ఆవిడ సంచిలో డైక్లోఫెనాక్ రెండు వేర్వేరు పేర్లతో దొరికింది, రెండూ వేసుకుంటోంది. మీ సంచులు కూడా తెమ్మని చెప్పించాను కదా, ముందు వరుస నుంచి ఒక్కొక్కరే రండి, చూస్తాను.