నాచుకు ఏం కావాలో నాచునే అడగాలి

సభలోని పెద్దలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం.

వానలు తగ్గాక మన శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరి బంద గట్టున నిలబడినా నీరు పచ్చగా కనిపిస్తుంది. తీరం వెంబడి రొయ్యల చెరువుల రైతులు తెల్లవారగానే ముందు నీటి రంగే చూస్తారు. లేత గోధుమ రంగులో ఉంటే డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచులు బాగున్నాయని ఊరట పడతారు, ముదురు నీలాకుపచ్చకు తిరిగితే కలవరపడతారు. ఏ జాతి నాచుకు కావలసినది నీటిలో దొరికిందో, ఏ జాతికి దొరకలేదో ఆ రంగు చాలావరకు చెబుతుంది. డయాటమ్ తన పెంకును ఇసుకలో ఉండే సిలికాతో కట్టుకుంటుంది కాబట్టి, నీటిలో సిలికా తరిగితే మిగతావన్నీ సమృద్ధిగా ఉన్నా అది పెరగలేదు.

ఒక జీవికి ఏది అవసరమో తెలుసుకునే మార్గం, దానిని అందకుండా చేసి చూడడమే. 1860ల నాటికి జర్మనీలో సాక్స్, నాప్ అనే శాస్త్రవేత్తలు మట్టి లేకుండా, లవణాలు కరిగించిన నీటిలోనే మొక్కలను పెంచి ఈ మార్గాన్ని స్థిరపరిచారు. ఒక మూలకాన్ని అత్యవసరమని ఎప్పుడు అనవచ్చో 1939లో ఆర్నన్, స్టౌట్ నిర్ణయించారు: అది లేనిదే జీవితచక్రం పూర్తి కాకూడదు, దాని లోటును మరొకటి తీర్చకూడదు, జీవక్రియలో దానికి నేరుగా పాత్ర ఉండాలి.

చెప్పినంత తేలిక కాదిది. విద్యార్థిగా ఉన్నప్పుడు నేను ఇనుము వేయకుండా ద్రావణం తయారుచేసి అందులో క్లోరెల్లా అనే ఏకకణ పచ్చ నాచును పెంచితే, రెండు వారాలు గడిచినా అది పచ్చగానే ఉంది. ఇనుము అక్కరలేదని రాసేయబోయాను. నిజానికి కణాలు తమలో దాచుకున్న ఇనుముతోనూ, గాజు నుంచి, ఇతర లవణాల మలినాల నుంచి వచ్చిన అణుమాత్రపు ఇనుముతోనూ నెట్టుకొస్తున్నాయి. ఆమ్లంతో కడిగిన సీసాల్లోకి వరుసగా మూడుసార్లు మార్చిన తర్వాతే పాలిపోయాయి. ఫాస్ఫరస్ విషయమూ ఇంతే. దొరికినప్పుడు నాచు దానిని పాలీఫాస్ఫేట్‌గా, అంటే ఫాస్ఫేట్ గొలుసులుగా, నిల్వచేసుకుంటుంది. అందుకే ఒక్క వారం ఫలితాన్ని నేను నమ్మను.

సముద్రాన్ని కొలిచినవారికీ ఇదే చిక్కు ఎదురైంది. ఉక్కు ఓడ నుంచి, పరికరాల నుంచి నమూనాలో ఇనుము కలిసిపోయేది. జాన్ మార్టిన్ బృందం ఆ కల్తీ లేకుండా కొలిచి, నత్రజని, ఫాస్ఫరస్ మిగులుగా ఉన్న కొన్ని సముద్ర ప్రాంతాల్లో ఇనుమే కొరత అని చూపింది. 1993లో గలాపగోస్ దీవుల దగ్గర నీటిలో ఇనుము కలిపినప్పుడు నాచు పెరిగింది. మంచినీటి సంగతి వేరు. 1973లో కెనడాలో ఒక సరస్సును తెరతో రెండుగా విడదీసి, రెండు వైపులా కార్బన్, నత్రజని, ఒక వైపు మాత్రం ఫాస్ఫరస్ కూడా వేస్తే, ఆ వైపే పచ్చబడింది.

లవణాలతోనే అన్ని నాచులకూ సరిపోదు. 2005లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, పరిశీలించిన జాతుల్లో దాదాపు సగానికి బి12 విటమిన్ బయటి నుంచి అందాలి. దానిని బ్యాక్టీరియా సమకూరుస్తుంది. యూగ్లీనా అనే ఏకకణ జీవికి ఈ విటమిన్ తప్పనిసరి కావడంతో, అది పెరిగినంతను బట్టి రోగి రక్తంలో బి12 ఎంత ఉందో కొలిచేవారు. సూక్ష్మజీవి ఆకలే కొలబద్ద అయింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్‌ను వెలికితీసినప్పుడూ లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా పెరుగుదలే దారి చూపింది. అంతకు ముందే, 1925లో, ఆయన తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రూపొందించిన పద్ధతి ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచేది. మన తెలుగువారి కృషిని ఈ విషయంలో తలచుకోవడం నాకెంతో ఇష్టం.

విద్యార్థులారా, ఈ వారం మీ ఊరి బంద నీటిని నాలుగు శుభ్రమైన సీసాల్లో పట్టండి. ఒకదానిలో కొద్దిగా నైట్రేట్, మరొకదానిలో ఫాస్ఫేట్, మూడోదానిలో రెండూ కలిపి, నాలుగోదానిలో ఏమీ కలపకుండా వెలుతురున్న కిటికీ దగ్గర పెట్టండి. రోజూ ఒకే వేళకు రంగు చూసి రాసుకోండి. పది రోజుల తర్వాత ఒక్కో సీసా నుంచి కొద్దిగా తీసి, వడకట్టిన అదే బంద నీటిలోకి మార్చి, మళ్లీ అదే మోతాదు కలిపి, మరో పది రోజులు చూడండి.