1962 టాటా మెర్సిడెస్ లారీ రివ్యూ: ఇంజిన్‌కి దండం, క్యాబిన్ దగ్గరే నా గొడవ

నమస్తే అండీ. ఒక పది సెకన్లు నేను మాట్లాడను. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఈ శబ్దం వినండి.

చాలు మేస్త్రీ, ఆపేయ్.

విన్నారు కదా. ఇప్పటి లారీ పక్కన నిలబడితే గరగరమని చెవి మీద పడుతుంది. దీనిది కడుపులోంచి వచ్చే గుడగుడ. మా నాన్న శబ్దం విని, బండి మలుపు తిరక్క ముందే ఎవరిదో చెప్పేవాడు. అప్పట్లో గొప్పలు పోతున్నాడనుకునేవాణ్ణి. ఇవాళ నమ్మకం కుదిరింది.

నేనున్నది చిత్తూరు నుంచి బంగారుపాళ్యం పోయే దారికి కొంచెం లోపలగా, ఒక మామిడి తోటలో. నా వెనకున్నది 1962లో రిజిస్టరైన టాటా మెర్సిడెస్ బెంజ్ ఎల్-312. ఓనరు వాళ్ల తాత చిత్తూరు మండీ నుంచి మద్రాసుకు బెల్లం తోలిన బండి. ఓనరు పేరు చెప్పొద్దన్నాడు. రిపేరు చేసిన మేస్త్రీకి డెబ్భై దాటాయి, ఆయన మొహం చూపించొద్దన్నాడు. కాబట్టి ఈ వీడియోలో మొహం చూపించేది నేనూ, ఈ లారీ. ఇద్దర్లో అందగాడెవరో మీకే తెలుస్తుంది.

కుర్రాళ్లు ముందుగా అడిగేది గ్రిల్లు మీదున్న నక్షత్రం గురించే. టాటా లారీకి బెంజ్ గుర్తేంటని. 1954లో టెల్కో కంపెనీ, అంటే ఇప్పటి టాటా మోటార్స్, జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టింది. ఒప్పందం 15 ఏళ్లకు. 1969లో అది ముగిసింది, నక్షత్రం పోయి టాటా వాళ్ల 'T' అక్షరం గుర్తు వచ్చింది. ఇది ఎందుకు గుర్తుపెట్టుకోవాలంటే, పాత లారీలు కొనే పిచ్చి మొదలయ్యాక నక్షత్రాలు తెచ్చి తగిలించే వాళ్లూ బయల్దేరారు. ఆర్‌సీలో 1974 అని ఉండి ముందు నక్షత్రం మెరుస్తుంటే, ఆ మెరుపుకి డబ్బులు ఇవ్వకండి.

సరే, బానెట్ ఎత్తుదాం. బాగా బరువండీ, జాగ్రత్త.

ఇది ఓఎం-312 ఇంజిన్. ఆరు సిలిండర్లు, బోరు, అంటే సిలిండరు వెడల్పు, 90 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 120. మొత్తం 4,580 సీసీ. తర్వాత వచ్చిన టాటా 692 ఇంజిన్‌కి స్ట్రోకు ఇదే, బోరు మాత్రం 92. పాత బండ్లలో ఇంజిన్ మార్చేసిన కేసులు బోలెడు. అందుకని బ్లాకు మీద నంబరు రుద్ది చూసి ఆర్‌సీతో పోల్చుకోండి. ఈ బండిలో రెండూ సరిపోయాయి.

ఈ ఇంజిన్‌కి ఇంకో గుర్తు, హీటర్ ప్లగ్గులు, అంటే స్టార్ట్ చేసే ముందు లోపల వేడి చేసేవి. ఇప్పటి ఇంజిన్లలో డీజిల్ నేరుగా పిస్టన్ నెత్తిన పడుతుంది. దీంట్లో హెడ్డులో చిన్న గది ఉంటుంది. డీజిల్ ముందు ఆ గదిలో అంటుకుని, ఆ మంట కిందికి దిగి పిస్టన్‌ని తోస్తుంది. దెబ్బ మెత్తగా పడుతుంది, మీరు విన్న గుడగుడ అందుకే. కానీ చల్లగా ఉన్నప్పుడు ఆ గది గోడలు వేడిని లాగేసుకుంటాయి, కాబట్టి పొద్దున్నే హీటర్ పెట్టకుండా స్టార్ట్ కాదు. నేను తొందరపడి సెల్ఫ్ నొక్కబోతే మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏమి అబ్బోడా, రైలు పోతాండాదా నీకు? ముప్పై లెక్కబెట్టు." లెక్కపెట్టాను. ఒక్క సెల్ఫుకే అందుకుంది.

ఇది ఇరవై ఏళ్లకు పైగా చింతచెట్టు కింద పడి ఉన్న బండి. ఇంజిన్ బిగుసుకుపోయింది. ఇలాంటప్పుడు చాలామంది చేసే తప్పు, ఇంకో బండికి గొలుసు కట్టి గేర్లో వేసి లాగడం. అలా లాగితే రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మేస్త్రీ డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి, ప్రతి సిలిండర్లో డీజిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి పోసి, పది రోజులు దాని జోలికే పోలేదట. పదకొండో రోజు ఫ్లైవీల్‌ని కడ్డీతో అటొక వేలెడు, ఇటొక వేలెడు ఆడించాడు. కదిలింది. అప్పుడు కూడా స్టార్ట్ చేయలేదు, మొత్తం విప్పి లైనర్లు, అంటే సిలిండర్ లోపలి గొట్టాలు, మార్చాడు. ఓపికంటే అదండీ. నాకైతే మూడో రోజుకే చెయ్యి దురదపెట్టేది.

పంపు దగ్గర మాత్రం దెబ్బ తిన్నారు. అప్పటి లారీల డీజిల్ పంపులంటే మైకో. బెంగళూరులో 1951లో మొదలైన కంపెనీ. పంపు విప్పి ఒక చోట క్యాలిబ్రేషన్‌కి, అంటే డీజిల్ ఎంత పోవాలో సరిచేయడానికి, ఇస్తే, సెట్టింగు ఎక్కువ పెట్టి తిరిగిచ్చారు. స్టార్ట్ చేస్తే తోటంతా నల్లపొగ. అడిగితే "పాత బండి అంతే సార్" అన్నారట. అలా ఎప్పుడూ ఉండదు. పాత బండైనా సరైన సెట్టింగులో వేడెక్కాక, లోడు లేకుండా నిలబడి తిరిగేటప్పుడు నల్లగా పొగ కక్కకూడదు. రెండోసారి వేరే చోట చేయించారు. ఇప్పుడు చూడండి, సైలెన్సర్ దగ్గర తెల్ల రుమాలు పెడుతున్నా... కొంచెం మసి ఉంది, కానీ రుమాలు ఉతికితే పోతుంది.

రెండు జాగ్రత్తలు చెప్పి ముందుకు పోతా. పాత బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పగానే కంప్రెసర్‌తో ఊదేయడం మన షెడ్లలో అలవాటు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడవండి, మాస్కు పెట్టుకోండి. ఇక చక్రం. దీనికి 9.00-20 టైర్లు, ట్యూబువి, రిమ్ముకి లాక్ రింగు ఉంటుంది. తుప్పు పట్టిన రింగుతో గాలి కొడుతుంటే అది ఎగిరిపడిందంటే ప్రాణం తీస్తుంది. పంక్చరు షాపులో పనిచేసిన ఎవరినైనా అడగండి. రిమ్ము పాతదే ఉంచుకోండి కానీ రింగు దగ్గర పిసినారితనం వద్దు, గాలి కొట్టేటప్పుడు ఎదురుగా నిలబడొద్దు.

నడుపుదామా? తోట లోపలే. ఎందుకో తర్వాత చెప్తా.

క్లచ్ తొక్కడానికి ఒక మనిషి బరువు కావాలి. గేరు మార్చాలంటే డబుల్ క్లచ్. తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి వదలాలి. పై గేరుకైతే వేగం కొంచెం పడనివ్వాలి, కింది గేరుకైతే ఒక చిన్న రేసివ్వాలి. మళ్లీ తొక్కి వేయాలి. చెప్పడానికి సులువే. నేను మూడో గేరు వేసినప్పుడు వచ్చిన చప్పుడు ఎడిటింగ్‌లో తీసేశాను, మేస్త్రీ మొహం తీయలేకపోయాను కానీ అది చూపించొద్దన్నాడు కాబట్టి బతికిపోయా. స్టీరింగు కదిలేటప్పుడు తేలిక, నిలబడి ఉన్నప్పుడు రాయి. ఖాళీ బండి కదా, స్ప్రింగు కట్టలు అసలు వంగవు, ప్రతి గుంటా నడుముకి లెక్క చెబుతుంది. ఇలాంటి బండి మీద ఇక్కడి మొగిలి ఘాట్ కొండదారిలో లోడుతో ఎక్కీ దిగీ సంసారాలు నడిపారంటే ఆ డ్రైవర్ల భుజాలు ఎలాంటివో ఊహించుకోండి.

ఇంజిన్, గేరుబాక్సు, బ్రేకులు... నాకు ఏ పేచీ లేదు. ఇంక గొడవ దగ్గరికి వస్తున్నా. క్యాబిన్.

చూడండి ఎంత బాగుందో. మొత్తం రేకు, గుండ్రటి మూలలు, అద్దంలా ముదురు నీలం. ఓనరు జర్మనీలో తీసిన ఒక పాత ఫొటో చూపించి, దానికి తగ్గట్టే టింకరింగ్ చేయించాడు. పని నున్నగా ఉంది, ఎక్కడా లొట్ట లేదు. ఫొటోలో ఉన్న లారీ దిగొచ్చినట్టే ఉంది. కానీ చిత్తూరులో తిరిగిన లారీ ఇలా ఉండేది కాదు కదా!

అమెరికాలో మ్యాక్ కంపెనీ బీ సిరీస్ లారీ ఉంది, 1953 నుంచి 1966 దాకా చేశారు. దాని క్యాబిన్ ఫ్యాక్టరీలోనే తయారైంది. దాన్ని రీస్టోర్ చేసేవాడు ఫ్యాక్టరీ ఫొటో చూసి చేస్తే సరిపోతుంది. మన దగ్గర కంపెనీ ఇచ్చింది చాలా వరకు ఛాసీ (అడుగు చట్రం), ఇంజిన్, ముందు మూతి. మిగతాది ఇక్కడి వడ్రంగి, ఇక్కడి కమ్మరి, ఇక్కడి పెయింటర్. చెక్క ఫ్రేము మీద రేకు కొట్టి క్యాబిన్ కట్టేవారు. డ్రైవరు ఎంత పొడుగో చూసి సీటు ఎత్తు పెట్టేవారు. నెత్తిన దేవుడి పటానికి గూడు. ముందు పైన "పబ్లిక్ క్యారియర్" అని రాత. 1939 మోటారు వాహనాల చట్టంలో కిరాయికి తిరిగే లారీ వేరు, సొంత సరుకు మోసే లారీ వేరు, ఆ రాత అందుకే. 1988 చట్టం వచ్చాక ఆ తేడా పోయింది, రాత మాత్రం అలవాటుగా చాలా ఏళ్లు నిలిచింది. ఈ బండికి ఒరిజినల్ అనే మాట వాడాలంటే ఆ చెక్క క్యాబినే ఒరిజినల్. జర్మనీ ఫొటో మన బండికి చుట్టం మాత్రమే.

ఇదే ఓనరుతో అన్నాను. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. "అన్నా, చెదలు పట్టింది, ఇంకేం చేయమంటావు?" అన్నాడు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. ఆరు లక్షలు దాటించి, పద్నాలుగు నెలలు తిరిగిన మనిషికి వచ్చి ఒక్క గంటలో వంకలు పెట్టడం నాకు సులువే. మంచి సంగతి ఏంటంటే, వెనక తొట్టి పలకలు మాత్రం సగానికి పైగా పాతవే ఉంచారు. కెమెరా దగ్గరికి తీసుకొస్తున్నా, పలకల సందుల్లో నల్లగా గట్టిపడింది చూశారా? బెల్లం. ఎన్ని ఏళ్లదో. గోరుతో గీకి వాసన చూశాను, కాస్త డీజిల్, కాస్త బెల్లం. రుచి చూడలేదు, అడక్కండి.

ఇప్పుడు రోడ్డు మీద ఎందుకు నడపలేదో చెప్తా. ఈ బండికి ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి ఫిట్‌గా ఉందనే సర్టిఫికెట్, గడువు ఎప్పుడో అయిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన లారీలకు ఎఫ్‌సీ ఫీజు బాగా పెంచారు. పోనీ వింటేజ్ కింద చేయిద్దామంటే, 2021లో కేంద్రం తెచ్చిన రూల్ ఉంది. 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం మారకూడదు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబర్లో వీఏ అని వస్తుంది. ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కి, డీజిల్‌కి, రిపేరుకి తప్ప రోజూ తిప్పకూడదు. అంతా బాగుంది. కానీ ఆ రూల్ రాసింది సొంతానికి వాడే టూవీలర్లు, ఫోర్‌వీలర్ల గురించి. ఈ బండి ఆర్‌సీలో గూడ్స్ అని ఉంది, పైగా చక్రాలు ఆరు! అరవై ఏళ్లు దాటినా ఇది ముసలిది అనిపించుకోవడానికి కూడా అర్హత లేని బండి. పైగా అసలు రూపం అని ఎవరైనా గట్టిగా అడిగితే, ఆ నీలం క్యాబిన్ చూపించి ఏం చెప్తారు? కాబట్టి పాత లారీ కొనే ముందు ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి కాగితాల సంగతి అడిగి, ఆ తర్వాత మేస్త్రీని వెతకండి. మనవాళ్లు ఎప్పుడూ తిరగేసి చేస్తారు.

కొనొచ్చా అంటారా? తోటో షెడ్డో ఉండి, ఈ వయసు మేస్త్రీ దొరికితే ఇంజిన్ గురించి భయపడకండి. 9.00-20 టైర్లు ఇప్పటికీ దొరుకుతాయి, మిగతావి లేత్ మీద చేయించుకోవచ్చు. చెక్క క్యాబిన్ కట్టే వడ్రంగి దొరకడమే కష్టం.

కెమెరా ఆపేశాక ఒకటి జరిగింది, అందుకే మళ్లీ ఆన్ చేశా. మేస్త్రీ షెడ్డు వెనక్కి రమ్మన్నాడు. అక్కడ రేకుల కింద పాత క్యాబిన్ ఎడమ తలుపు ఒక్కటి మిగిలింది. కింద అంచు చెదలు తినేసింది, పైభాగం గట్టిగానే ఉంది. పచ్చ పెయింటు పెచ్చులు లేచిన చోట కింద ఎర్ర రంగు, ఆ ఎరుపు మీద పసుపు అక్షరాలు. మేస్త్రీ ఉమ్ము తడి చేసి వేలితో రుద్దాడు. "మద్రా" వరకు కనిపించింది. ఓనరు వచ్చి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. ఇద్దరు కుర్రాళ్లని పిలిచి ఆ తలుపుని షెడ్డులోకి మోయించి, గోడకి ఆనించి, పైన గోనెపట్టా కప్పించాడు.

ఎఫ్‌సీ సంగతి తేలిన రోజు మొగిలి ఘాట్ కింద నిలబడి ఇంకో వీడియో చేస్తా. ఉంటానండీ.