మోమాటం

శ్రోతలకు నమస్కారం.

మోమాటం అన్న మాట మనకు రోజూ నోట్లో ఆడేదే. విస్తరి ముందు కూర్చున్న చుట్టంతో "మోమాటపడకండి, ఇంకాస్త వేసుకోండి" అంటాం. ఇచ్చిన అప్పు అడగలేకపోతే మోమాటం. మనసొప్పని పెళ్లికి వెళ్లి కట్నం చదివించి వస్తే అదీ మోమాటమే. దాని మీద ఒక మోటు సామెత ఉంది కానీ రేడియోలో చెప్పేది కాదు. మొత్తం మీద మోమాటమంటే మర్యాదస్తుల బలహీనతే తప్ప నేరమని ఎవరూ అనుకోరు.

తెలుగు బైబిలు అనుకుంటుంది. కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక, అంటే ఉత్తరం, 2వ అధ్యాయం మొదటి వచనంలోనే, విశ్వాస విషయంలో "మోమాటముగలవారై యుండకుడి" అని ఉంది. చిన్నప్పుడు సండేస్కూల్లో ఇది విని, సిగ్గుపడకుండా గట్టిగా పాటలు పాడమంటున్నారు కాబోలు అనుకున్నాను. అక్కడ దానర్థం పక్షపాతమని చాలా ఏళ్లకు గాని తెలియలేదు. మూలంలో ఉన్న గ్రీకు మాటను విడదీస్తే 'ముఖాన్ని స్వీకరించడం' అని వస్తుంది. అంటే మనిషిని వదిలేసి మొగాన్ని మాత్రం లోపలికి పిలవడం. మన మోమాటంలోనూ ఆ మోము ఉంది. అనువదించినవాళ్లు మాటను తూచి వేశారు.

ఆ వెంటనే యాకోబు ఒక దృశ్యం చూపిస్తాడు. బంగారు ఉంగరం, ఖరీదైన బట్టలు ఉన్న ఒకాయన సమాజమందిరంలోకి వచ్చాడు. మురికి బట్టల బీదవాడూ వచ్చాడు. మొదటాయనకు మంచి చోటు. రెండో ఆయనకు, "నువ్వక్కడ నిలబడు, లేకపోతే నా కాళ్లపీట కింద కూర్చో." గమనించారా, ఉంగరమాయన కుర్చీ అడగలేదు. బీదవాణ్ణి ఎవరూ తిట్టలేదు, గెంటలేదు. అతనికీ ఏదో ఒక చోటు చూపించారు. పక్షపాతానికి ద్వేషం అక్కర్లేదు, గుమ్మం దగ్గర కాస్త మర్యాద ఎక్కువైతే చాలు.

గుమ్మం సంగతి నాకు తెలుసు. మా చర్చిలో కొన్నేళ్లు వచ్చినవాళ్లను కూర్చోబెట్టే పని నాదే. ఒక క్రిస్మస్ నాడు కారులో పెద్ద ఉద్యోగి ఒకాయన కుటుంబంతో దిగారు. లోపల కుర్చీలన్నీ నిండిపోయాయి. ముందు వరుసలో ఎప్పుడూ కూర్చునే ఒక ముసలావిడ నా కళ్లలో ఏం చూసిందో, నేను నోరు తెరవకముందే లేచింది. "నాకు మెట్ల మీదైతే గాలొస్తుందిలే అయ్యా" అంది. నేను థాంక్స్ చెప్పి కుర్చీ తుడిచాను. ఆ కుర్చీ పైనున్న ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లున్నాయి గానీ ఆవిడ పేరు లేదు. మా చర్చి అనే కాదు, మన ఊళ్లలో ఫ్యాను తిరగనంతసేపే ఎవరిచ్చారో చదవగలం.

ఇలా తప్పటడుగు వేసినవాళ్లలో పెద్ద పేర్లే ఉన్నాయి. కైసరయలో రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట నిలబడి "దేవుడు పక్షపాతి కాడు" అన్నది యేసు శిష్యుడు పేతురే. ఆ పేతురే అంతియొకయలో యూదులు కానివారితో కలిసి భోంచేస్తూ, యెరూషలేము నుంచి అక్కడి సంఘపెద్ద యాకోబు తరఫువాళ్లు రాగానే వెనక్కి తగ్గి వేరైపోయాడు. సిద్ధాంతం మారలేదు, చూసేవాళ్లు మారారు. అందరి ఎదుటా అతన్ని ముఖాముఖిగా నిలదీశానని పౌలు గలతీయులకు రాశాడు. వచ్చినవాళ్లు యాకోబు దగ్గర నుంచి అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. మోమాటం వద్దని రాసింది కూడా ఆ యాకోబే అని సంప్రదాయం చెబుతుంది మరి.

మన దగ్గర ఈ పరీక్ష ఒంగోలులో జరిగింది. అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చారు. ఆయన బడికి బ్రాహ్మణుల పిల్లలు రావడం మొదలైంది. ఊళ్లో పెద్దలు మనవైపు ఉన్నారని ఏ మిషనరీకైనా సంతోషమే. అంతలో యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి ద్వారా చుట్టుపక్కల పల్లెల మాదిగలు విశ్వాసులవడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్దలు తేల్చేశారు. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు కొత్త నిబంధన తెరిస్తే, ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని ఆయన చెప్పుకున్నారు. దేవుడు పిలిచినవాళ్లలో గొప్ప వంశాలవాళ్లు ఎక్కువమంది లేరనే కొరింథీ పత్రిక మాట అది. ఆయన మాదిగలను చేర్చుకున్నారు. పెద్దల ఆదరణ పోయింది.

1876లో కరువు వచ్చినప్పుడు క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని కూలి ఇప్పించారు. తిండి కోసం చేరారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తీరాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గొప్పగా చెప్పుకునే లెక్కే. కానీ అదే తెలుగు నేల మీద నేటికీ కొన్ని ఊళ్లలో మాలపల్లె చర్చి, మాదిగపల్లె చర్చి అని విడివిడిగా చెప్పుకుంటారు. ఉంగరం లేకున్నా మోమాటం దారి వెతుక్కుంటుంది.

ఆ క్రిస్మస్ తర్వాత ఆదివారం ఉద్యోగిగారు రాలేదు. ముందు వరుసలో కుర్చీ ఖాళీగానే ఉంది. ముసలావిడ మాత్రం మెట్ల మీదే కూర్చుంది, ఆ తర్వాత వారమూ అక్కడే. లోపలికి వచ్చి కూర్చోమని వెళ్లి పిలుద్దామని రెండు మూడు సార్లు గుమ్మం దాకా వెళ్లాను. పిలవలేకపోయాను. మోమాటం.