బ్లాస్టింగ్ అదురు: ఇంటి దగ్గర కొలిచే రీడింగ్ ఎప్పుడు నమ్మాలి?

[తెర మీద: ఇంటి గోడ పక్కన నేల. అరచేతిలో ఇమిడే జియోఫోన్ (నేల అదురును కొలిచే సెన్సర్), దాని అడుగున మూడు మేకులు.]

గనిలో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఇల్లంతా ఊగిపోయిందని ఇంట్లోవాళ్లు అంటారు. మీటర్‌లో రెండే వచ్చిందని గనివాళ్లు అంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఆ "రెండు" నిలబడుతుందా లేదా అనేది మాత్రం ఈ చిన్న డబ్బాను నేలలో ఎలా పాతారన్న దాన్ని బట్టే ఉంటుంది.

ముందు, అసలు కొలిచేది ఏమిటి? నేల ఎంత దూరం జరిగిందని కాదు, ఎంత వేగంతో కదిలిందని. దాని గరిష్ఠ విలువే పీపీవీ. లెక్క సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని. జియోఫోన్ మూడు దిక్కుల్లో కొలుస్తుంది: పేలుడు వైపుకు, దానికి అడ్డంగా, పైకీ కిందికీ. 10 హెర్ట్జ్ దగ్గర, అంటే నేల సెకనుకు పదిసార్లు ఊగేటప్పుడు, పీపీవీ 5 ఉంటే నేల జరిగిన దూరం 0.08 మిల్లీమీటరు, అంటే కాగితం మందం కూడా ఉండదు. అయినా మనిషికి స్పష్టంగా తెలుస్తుంది. సెకనుకు ఒక మిల్లీమీటరు లోపే ఉన్న అదురును కూడా మన ఒళ్లు పసిగడుతుంది.

[తెర మీద: ఊగుతున్న ఉయ్యాల.]

పీపీవీ ఒక్కటే చెబితే సగం సంగతే. ఒకటి రెండు అంతస్తుల ఇళ్లకు సహజంగా ఊగే లయ సుమారు 4 నుంచి 12 హెర్ట్జ్. నేల కూడా అదే లయలో అదిరితే, ఉయ్యాలను సరిగ్గా అదనులో తోసినట్టు, ఇంటి ఊపు పెరుగుతుంది. అందుకే పరిమితులు ఫ్రీక్వెన్సీని, అంటే ఎన్ని హెర్ట్జ్ అన్నదాన్ని బట్టి మారతాయి. గనికి చెందని మామూలు ఇళ్లకు భారత గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997 సర్క్యులర్‌లో పెట్టిన హద్దులు ఇవి: 8 హెర్ట్జ్ లోపు 5, 8 నుంచి 25 మధ్య 10, 25 దాటితే 15. కాబట్టి "6 వచ్చింది" అని ఎవరైనా చెబితే, ఎన్ని హెర్ట్జ్ దగ్గర అని అడగాలి. 6 హెర్ట్జ్ దగ్గరైతే హద్దు దాటినట్టు, 20 దగ్గరైతే దాటనట్టు.

ఇప్పుడు అసలు పని, పాతడం. చాలా రీడింగులు చెడేది ఇక్కడే.

[తెర మీద: గుంత తవ్వుతున్న చేతులు, దగ్గరగా.]

చోటు ఇంటి బయట, పేలుడు వైపున్న గోడకు 3 మీటర్ల లోపు. మేడ మీద పెట్టకండి. పై అంతస్తులో అదురు పెరిగి కనిపిస్తుంది, కానీ హద్దులు రాసింది పునాది దగ్గరి నేలకు. రెంటినీ పోల్చితే తగవే మిగులుతుంది. కింద మట్టి దిగిపోయి డొల్లగా ఉన్న సిమెంటు గచ్చు కూడా పనికిరాదు.

గడ్డి, వేళ్లు, వదులు మట్టి తీసేయండి. సెన్సర్ ఎత్తుకు కనీసం మూడు రెట్ల లోతు గుంత తవ్వండి. అడుగున కదలని గట్టి నేల తగలాలి. బాణం గుర్తును పేలుడు వైపు తిప్పి, మేకులు పూర్తిగా దిగేలా అదమండి, సుత్తితో కొట్టకండి. లెవెల్ బుడగ నడిమికి రావాలి. తర్వాత మట్టిని కొద్దికొద్దిగా వేస్తూ చుట్టూ గట్టిగా దట్టించండి. పూర్తిగా కప్పేముందు సెన్సర్‌ను వేళ్లతో మెలితిప్పి చూడండి. కాస్త కదిలినా తీసి మళ్లీ పాతాల్సిందే. వదులుగా ఉన్న సెన్సర్ నేలతో పాటు కదలదు, తనంతట తాను ఎగురుతుంది. వాన పడితే పూడ్చిన మట్టి కుంగుతుంది, మర్నాడు మళ్లీ చూసుకోండి.

తవ్వే వీలు లేకపోతే ఇసుక సంచి. నాలుగైదు కిలోల ఇసుక, సంచి నిండకుండా వదులుగా ఉండాలి. అది సెన్సర్ మీద పరుచుకుని, అంచులు చుట్టూ నేలను ఆనాలి. బిర్రుగా నింపిన సంచిని నిలబెడితే అదే ఊగుతుంది, ఆ ఊపూ రీడింగులోకి వస్తుంది.

సెట్టింగుల్లో ట్రిగ్గర్ (రికార్డింగ్ మొదలయ్యే అదురు హద్దు) సెకనుకు 0.5 నుంచి 1.3 మిల్లీమీటర్ల మధ్య ఉంచితే చాలు. రికార్డు నిడివి మాత్రం లెక్కేసి పెట్టండి: బ్లాస్ట్ నిడివికి 2 సెకన్లు కలిపి, దూరంలో ప్రతి 335 మీటర్లకు ఇంకో సెకను. ఒక సెకను బ్లాస్ట్, 670 మీటర్ల దూరం అయితే 5 సెకన్లు.

ఆ అదనపు సెకన్లు గాలి కోసం. నేల అల ముందే వచ్చేస్తుంది. గాలిలో ఒత్తిడి సెకనుకు దాదాపు 340 మీటర్ల చొప్పున వెనకాల వస్తుంది. అద్దాలు గలగలమనేది చాలాసార్లు ఈ రెండో దెబ్బకే. అందులో పెద్ద భాగం చెవికి వినపడనంత తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటుంది, అందుకే "పెద్ద శబ్దమేం రాలేదు, ఇల్లు మాత్రం అదిరింది" అంటారు. ఈ ఒత్తిడిని కొలిచే మైక్రోఫోన్‌కు గాలి తొడుగు తప్పనిసరి. లేకపోతే మామూలు ఈదురుగాలే బ్లాస్ట్‌లా నమోదవుతుంది.

[తెర మీద: 40 హోల్స్ (పేలుడు మందు నింపే రంధ్రాలు) పటం, ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ.]

రీడింగ్ ఎక్కువొస్తే తగ్గించేది ఎలా? ఒక్కో హోల్‌కు 50 కిలోల చొప్పున 40 హోల్స్, మొత్తం 2,000 కిలోలు. అదురును నిర్ణయించేది ఈ మొత్తం కాదు, 8 మిల్లీసెకన్ల లోపల పేలే గరిష్ఠ ఛార్జ్ (మందు బరువు). దూరాన్ని ఆ ఛార్జ్ వర్గమూలంతో భాగిస్తే స్కేల్డ్ దూరం వస్తుంది. ఇల్లు 300 మీటర్లలో ఉండి, హోల్స్ ఒక్కొక్కటే పేలితే అది 42. తొలి అంచనాకు వాడే సూత్రంలో 1140, 1.6 స్థిరాంకాలు వేస్తే, అంటే 1140ను స్కేల్డ్ దూరం 1.6వ ఘాతంతో భాగిస్తే, పీపీవీ సుమారు 2.8. డిలే (హోల్‌కూ హోల్‌కూ మధ్య పెట్టిన వ్యవధి) తేడా కొట్టి రెండు హోల్స్ కలిసి పేలాయా, స్కేల్డ్ దూరం 30కి పడిపోయి పీపీవీ 4.9కి చేరుతుంది. మొత్తం పేలుడు మందు ఒక్క కిలో కూడా పెరగలేదు, చూడండి. ఆ స్థిరాంకాలు రాయిని బట్టి మారతాయి కాబట్టి పది ఇరవై బ్లాస్టుల రికార్డులతో ఆ చోటుకు సొంత లెక్క కట్టుకోవాలి.

గోడ బీటల సంగతి తేల్చాలంటే పని మొదలవకముందే తేదీతో, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి ఉండాలి. పగటి ఎండకూ రాత్రి చల్లదనానికీ బీట దానంతటదే కాస్త తెరుచుకుని మూసుకుంటుంది. ఉదయం కొలతనూ మధ్యాహ్నం కొలతనూ పోల్చి బ్లాస్ట్ మీద నెట్టడం కుదరదు, బ్లాస్ట్ వల్ల కాదని కొట్టిపారేయడమూ కుదరదు.

చివరగా, "ట్రిగ్గర్ కాలేదు" అని రిపోర్టు వస్తే ఊరుకోకండి. బ్యాటరీ అయిపోయినా, కేబుల్ ఊడినా ఫలితం అదే. ఆ వేళకు మెషీన్ పనిచేస్తోందని చూపే హిస్టోగ్రామ్ (వరుసగా నమోదైన రీడింగుల పట్టీ), సెన్సర్ చెక్ ఫలితం, ఏడాది లోపు చేసిన కాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) సర్టిఫికెట్ అడగండి. గడియారం సరిపోయిందో కూడా చూడండి. అది నాలుగు నిమిషాలు తప్పితే, పక్కన వెళ్లిన లారీ రికార్డు కూడా బ్లాస్ట్ పేరుతో ఫైల్‌లో చేరిపోతుంది.